‘ఫస్ట్ ప్రెస్’ పేరుతో పాత రికార్డులకు వేలకు వేలు: నల్లగొండ, పాలమూరు కొనుగోలుదారులు జాగ్రత్త

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు పాత పాటల రికార్డులు సేకరించే వారికి ఒక వ్యాపారి ఫోన్ గ్రూపుల ద్వారా అరుదైన తెలుగు సినిమా రికార్డులు అమ్ముతున్నారు. దేవరకొండలో ఉండే మా మేనమామ గారికి 1951 నాటి ఒక సినిమా పాటల ఎల్పీని (ఒక్కో పక్కన అనేక పాటలు పట్టే పెద్ద రికార్డు) ‘ఫస్ట్ ప్రెస్ (మొదటి ముద్రణ), రాష్ట్రం మొత్తంలో రెండే ప్రతులు మిగిలాయి’ అని చెప్పి 22 వేల రూపాయలకు అంటగట్టారు. వచ్చినది ఫస్ట్ ప్రెస్ కాదు, వినడానికి తగిన స్థితిలోనూ లేదు. డబ్బు వాపసు అడిగితే ‘పాత వస్తువులకు వాపసు ఉండదు’ అని ఒక్క మాట పంపి, తరువాత ఫోన్ ఎత్తడం మానేశారు. అదే వ్యాపారి ఇప్పటికీ అదే తరహా ప్రకటనలు పెడుతున్నారు కాబట్టి ఈ వివరాలు అందరికీ తెలియాలి.

ముందుగా ఆ ‘ఫస్ట్ ప్రెస్’ సంగతి చూడండి. నిమిషానికి 33⅓ సార్లు తిరిగే ఎల్పీని అమెరికాలో కొలంబియా సంస్థ 1948లో విడుదల చేసింది గాని, మన దేశంలో 1950ల చివరి దాకా సినిమా పాటలు లక్కతో చేసిన, నిమిషానికి 78 సార్లు తిరిగే ‘78 స్పీడు’ ప్లేట్ల మీదే వచ్చేవి. పక్కకు ఒక్క పాట, మూడు నిమిషాలు, అంతే. కాబట్టి 1951 సినిమాకు అసలు మొదటి ముద్రణ అంటే ఆ బరువైన, కింద పడితే పగిలిపోయే ప్లేటే తప్ప ఎల్పీ కానే కాదు. ఎల్పీ కనిపిస్తే అది ఆ పాటలను తరువాతి కాలంలో ఒకచోట చేర్చి వేసినదని అర్థం. మా మామయ్య గారికి వచ్చిన అట్ట వెనుక కంపెనీ చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ స్పష్టంగా అచ్చయి ఉంది. మన దేశంలో పిన్ కోడ్ మొదలైనది 1972 ఆగస్టు 15న. అంటే ఆ అట్ట సినిమా విడుదలైన ఇరవై ఏళ్ల తరువాతి అచ్చు. అమ్మేటప్పుడు పంపిన ఫోటోల్లో అట్ట ముందు భాగమూ, రికార్డు మధ్యనున్న లేబులూ మాత్రమే ఉన్నాయి. వెనుక భాగం ఎందుకు చూపలేదో పార్సిల్ విప్పాక గాని తెలియలేదు. అందువల్ల వెనుక అట్టను, లేబులు చుట్టూ పాట లేని నున్నటి వలయంలో చెక్కి ఉండే అచ్చు నంబరును ఫోటో తీసి పంపమని తప్పక అడగండి. పంపడానికి వెనకాడే వారి దగ్గర కొనవద్దు.

రెండో మోసం మరింత బాధాకరమైనది. ఫోటోలో ఆ రికార్డు అద్దంలా మెరిసింది. చేతిలోకి తీసుకుంటే వేళ్లకు జిడ్డు అంటింది. గీతలు కనబడకుండా పైన నూనె లాంటిది పూశారు. అది గాడుల్లో, అంటే పాట నమోదై ఉండే సన్నని చాళ్లలో, దుమ్మును పట్టి ఉంచుతుంది, సూదికి మకిలి అంటిస్తుంది, అరిగిన గాడిని మాత్రం బాగు చేయలేదు. మొదటి పాట కొంత వినిపించినా, చివరి పాటకు వచ్చేసరికి గాయని గొంతు పైస్థాయికి వెళ్లిన ప్రతిచోటా బరబరమని చీలిపోతోంది. దీనికి కారణం ఉంది: రికార్డు తిరిగే వేగం మారకపోయినా, లోపలి గాడుల్లో చుట్టు చిన్నది కావడం వల్ల ప్రతి సెకనుకు సూది కిందుగా సాగే పొడవు అంచులో ఉన్నదానిలో సగం కంటే తగ్గిపోతుంది, అంత ఇరుకు జాగాలో ధ్వని నమోదై ఉంటుంది కనుక అరుగుదల ముందు అక్కడే బయటపడుతుంది. అమ్మే ముందు ఆయన వినిపించిన వీడియో మొదటి పాట మొదటి నిమిషమే. ఎవరైనా వీడియో కాల్‌లోనే సూది పెట్టి, రెండు పక్కలా చివరి పాటలు వినిపిస్తేనే ధర మాట్లాడండి. స్థితి గురించి ‘గుడ్’ అని రాస్తే బాగుందని అనుకోవద్దు. రికార్డుల వ్యాపారంలో ఆ గ్రేడు బాగా అరిగి, గరగర వినిపించే వాటికి ఇస్తారు.

ఇక అంత ధర పెట్టవచ్చా అన్న ప్రశ్న. ఇంగ్లండ్ సంగీత బృందం బీటిల్స్ 1968 నాటి ఆల్బమ్ ఒకటి 2015 వేలంలో 7,90,000 డాలర్లు పలికిందని ఈ వ్యాపారి అందరికీ చెబుతుంటారు. నిజమే, కాని అది 0000001 నంబరు గల ప్రతి, బృంద సభ్యుడు రింగో స్టార్ స్వయంగా దాచుకున్నది. ఎవరి చేతిలో ఉండేదో రుజువుతో ఉన్న ఒకే ఒక్క వస్తువుకు వచ్చిన ధర అది. కంపెనీ మళ్లీ మళ్లీ ముద్రించిన సినిమా పాటలకు దానిని కొలబద్దగా చూపడం అన్యాయం. వెబ్‌సైట్లలో కనిపించే పెద్ద అంకెలు కూడా అమ్మేవారు అడిగే ధరలే. రికార్డులు కొని అమ్మే డిస్కాగ్స్ వంటి వెబ్‌సైట్లలో నిజంగా అమ్ముడుపోయిన ధరలు వేరుగా చూపిస్తారు, అవి చూడాలి. నా అభిప్రాయంలో, వేరే ఏ రూపంలోనూ దొరకని పాత హరికథలు, నాటక పద్యాలు, స్థానిక గాయకుల ప్లేట్లకు, అవి పగుళ్లు లేకుండా మోగితే, కాస్త ఎక్కువ పెట్టడంలో అర్థం ఉంది. ఫోన్‌లో శుభ్రంగా వినిపించే సినిమా పాటకు, అదీ తరువాతి ముద్రణకు, 22 వేలు పెట్టడంలో లేదు.

78 ప్లేట్లు కొనేవారికి మరో మాట. వాటికి ఎల్పీ సూది పనికిరాదు. గాడి వెడల్పు కనుక సన్నని సూది అడుగుకు జారి రొద ఎక్కువై పాట సరిగా వినిపించదు. వాటిని స్పిరిట్‌తో గాని శానిటైజర్‌తో గాని తుడవకండి, లక్క కరిగి గాడి పాడవుతుంది, తరువాత తప్పు మీదేనని అమ్మినవారు అంటారు.

ఇప్పటికే ఇలా నష్టపోయిన వారు ప్రకటన, సందేశాలు, డబ్బు పంపిన వివరాలు, పార్సిల్ విప్పుతూ తీసిన వీడియో భద్రపరచండి. రికార్డు మీది జిడ్డు కూడా తుడవకండి, అదే సాక్ష్యం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ముందు ఫిర్యాదు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారి ఏ ఊరివారైనా, మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు కేసు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. మా మామయ్య గారి ఫిర్యాదు నల్లగొండ జిల్లా కమిషన్‌కు సిద్ధమవుతోంది. అదే వ్యాపారి దగ్గర ఇదే విధంగా కొన్నవారు ఉంటే మీ రికార్డు వెనుక అట్ట ఫోటోను, ఆయన పంపిన సందేశాలను నాకు తెలియజేయండి, ఫిర్యాదుకు బలం చేకూరుతుంది.