స్పేసైడ్ వే మీద నా టన్నెల్ టెంటు: వానకి ఫరవాలేదు, జిప్ సంగతే చెప్పాలి

టెంటు గురించి అడిగేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, వాన ఆపుతుందా అని. ఆపుతుంది. ఇన్నేళ్ళుగా వాడుతున్నా పైనుంచి ఒక్క చుక్క లోపల పడలేదు. స్కాట్లాండ్‌లో అమ్మే టెంటు ఆ మాత్రం కూడా ఆపకపోతే ఎవరు కొంటారు? నా గొడవంతా పై కవరు కింద, మనం పడుకునే లోపలి గది తలుపుకున్న జిప్‌తో.

కంపెనీ పేరు రాయను. ఒక్కరికి సరిపోయే తేలికపాటి టన్నెల్ టెంటు ఇది, అంటే వంపు కర్రల మీద సొరంగంలా నిలబడేది. నేనుండేది అబర్డీన్‌లో, కారు లేదు, అందుకని ఎక్కువగా వెళ్ళేది స్పేసైడ్ వే అనే నడక దారికే. సముద్రం ఒడ్డున బకీ అనే ఊరి దాకా బస్సులో పోయి, స్పే నది వెంట నడుచుకుంటూ వెళ్ళి, అవీమోర్‌లో రైలెక్కి వచ్చేస్తాను. మొత్తం 105 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇప్పుడు దారిని న్యూటన్‌మోర్ దాకా పొడిగించారు కానీ నాకు అవీమోర్ చాలు.

ముందు మంచి మాట. పై కవరూ లోపలి గదీ ఒకేసారి లేస్తాయి. ఇండియాలో స్నేహితులతో వాడిన టెంట్లకి ముందు లోపలి గది నిలబెట్టి, ఆ తర్వాత పైన కవరు కప్పాలి. ఇక్కడి వానలో అలా చేస్తే కవరు కప్పేలోపు పక్క వేసుకునే చోటంతా తడిసిపోతుంది. దీంతో ఆ టెన్షన్ లేదు. ఫాఖబర్స్ దాటాక జోరువానలో వేసినా లోపల పొడిగానే పడుకున్నాను. ఈ ఒక్క కారణంతోనే కనపడినవాళ్ళందరికీ దీన్ని కొనమని చెప్పేవాణ్ణి.

ఇక జిప్. క్రెయిగెలకీ నుంచి బాలిండాలక్ దాకా దారి పాత రైలు కట్ట మీదే సాగుతుంది. 1960లలో రైళ్ళు ఆపేశాక పట్టాలు పీకేశారు. నడవడానికి చదునుగా, హాయిగా ఉంటుంది కానీ టెంటు మేకు మాత్రం ఆ కంకరలో దిగి చావదు. అందుకే జూలైలో ఒకరోజు సాయంత్రం బ్లాక్స్‌బోట్ దాటాక కట్ట దిగి, ఇళ్ళకీ పంటకీ దూరంగా నది పక్కన గడ్డిలో టెంటు వేశాను. అలా వేసుకోవచ్చు, 2003 నాటి భూసంస్కరణ చట్టం ఇక్కడ ఆ హక్కు ఇచ్చింది. కొద్దిమందే ఉండాలి, ఒకే చోట రెండు మూడు రాత్రులకి మించకూడదు, చెత్త వదలకూడదు, అంతే.

అప్పటిదాకా పడిన వాన ఆగింది, దాంతోపాటు గాలి కూడా ఆగిపోయింది. గాలి ఆగిందంటే మిడ్జ్‌లు, అంటే కుట్టే బుల్లి ఈగలు, లేస్తాయి. ఆవగింజలో సగం ఉండవు, మన మామూలు దోమతెర కన్నాల్లోంచి సులువుగా దూరిపోతాయి. కుట్టేవి ఆడవే, మన ఊపిరి వాసన పట్టుకుని వస్తాయి. ఒకటి కుట్టిందా, మిగతావాటికి కబురు అందినట్టే. పడమటి కొండల్లో వీటి బాధ ఇంకా ఎక్కువంటారు, స్పే లోయలో తక్కువేనంటారు. ఆ తక్కువే నాకు ఎక్కువైంది.

గబగబా లోపలికి దూరి జిప్ లాగాను. తలుపు మూల తిరిగే చోట స్లైడర్, అంటే మనం పట్టుకుని లాగే ముక్క, ముందుకి పోయింది, వెనక పళ్ళు మాత్రం కలవలేదు. వెనక్కి తెచ్చి మళ్ళీ లాగాను. మళ్ళీ అంతే. నోరు తెరిచిన ఆ జానెడు సందులోంచి గుంపులు గుంపులుగా వచ్చేశాయి. హెడ్‌ల్యాంప్ వెలిగిస్తే పైకప్పు లోపలివైపు నల్లగా కదులుతోంది. బ్యాగులో లుంగీ ఉంది, నాలుగు పిన్నీసులు ఉన్నాయి. లుంగీని సందు మీద కప్పి, చుట్టూ పిన్నీసులు గుచ్చి, తలకి వల తగిలించుకుని పడుకున్నాను. అన్నం వండుకునే ఆలోచనే రాలేదు. అబర్లౌర్‌లో కొన్న వాకర్స్ షార్ట్‌బ్రెడ్ ఉంటే, వల ఎత్తి ఒక్కో ముక్కా నోట్లో వేసుకోవడమే. తెల్లారాక గాలి లేచింది, బతికిపోయాను.

గ్రాంటౌన్‌లో ఒక సైకిల్ షాపాయన స్లైడర్ చూసి, ప్లయర్స్ తెచ్చి రెండు పక్కలా కొంచెం కొంచెం నొక్కి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. జిప్ బ్రహ్మాండంగా పడింది. ఆయన చెప్పిందేమిటంటే, నైలాన్ పళ్ళు తొందరగా చెడవు, చెడేది స్లైడరే. సన్న ఇసుక పడి లోపల అరుగుతుంది, సందు పెరుగుతుంది, ఇక పళ్ళని గట్టిగా కలపలేదు. బరువు తగ్గించాలని ఇలాంటి టెంట్లకి 3వ నంబరు సన్న జిప్ వేస్తారు. 5వ నంబరుదైతే ఇంకా తట్టుకునేది. పెరిగే బరువు ఏపాటిది?

ఇంటికొచ్చి కంపెనీకి రాస్తే ఫొటోలు పంపమన్నారు. పంపితే, వాడకంలో అరిగింది కాబట్టి వారంటీ వర్తించదన్నారు. వాడకుండా అటక మీద పెడితే అరిగేది కాదు, నిజమే. చివరికి ఆన్‌లైన్‌లో స్లైడర్ ఒక్కటీ తెప్పించి, జిప్ కొసన కుట్టు విప్పి ఎక్కించి, మళ్ళీ కుట్టేశాను. అయిన ఖర్చు రెండు కప్పుల కాఫీ అంత కూడా లేదు. అప్పటినుంచీ మొరాయించలేదు. ఇప్పుడు బ్యాగులో చిన్న ప్లయర్సూ, ఇంకో స్లైడరూ ఉంటాయి.

లోపల పొడిగా ఉంటుందని పైన రాశాను కదా, అది వాన మాట. నది ఒడ్డున గాలి లేని రాత్రి మన ఊపిరి తేమంతా పై కవరుకి లోపలివైపు పట్టి, తెల్లారేసరికి చుక్కలుగా కారుతుంది. నేను ఆరడుగులకి దగ్గర, కాళ్ళ వైపు స్లీపింగ్ బ్యాగ్ గోడకి తగిలి తడుస్తుంది. పొట్టివాళ్ళకి ఈ బాధ ఉండకపోవచ్చు. ఇంకోటి, టన్నెల్ టెంటు మేకులు లేకుండా నిలబడదు. స్పే బే దగ్గర ఒడ్డంతా గులకరాళ్ళే. అక్కడ రాళ్ళు పేర్చి తాళ్ళు కట్టుకోవాల్సిందే.

నాలాగా ఒంటరిగా, రైళ్ళూ బస్సులూ పట్టుకుని వెళ్ళేవాళ్ళకి బరువే ముఖ్యం కాబట్టి ఇది ఇప్పటికీ పనికొచ్చే టెంటే. మిడ్జ్‌లు ఇంకా లేవని ఏప్రిల్‌లోనో, చల్లబడ్డాక అక్టోబరులోనో వెళ్తే అసలు ఈ గొడవే ఉండదు. పిల్లలతో, కారులో, క్యాంప్‌సైట్‌కి వెళ్ళేవాళ్ళు మాత్రం బరువెక్కువైనా లావు జిప్ ఉన్నది తీసుకోండి. మళ్ళీ ఇదే కొంటానా అంటే కొత్తది ఆ ధరకి కొనను. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే, తలుపు మూల మలుపు దగ్గర జిప్‌ని బాగా లాగి చూసి, అప్పుడు బేరం మొదలుపెడతాను.