నాణెం గ్రేడింగ్‌కు పంపాలా, అలాగే ఉంచుకోవాలా: ఏది మేలు?

గ్రేడింగ్ కంపెనీ చేసేది రెండు పనులు. నాణెం అసలుదో కాదో తేల్చడం ఒకటి, అది ఎంత బాగుందో అంకె వేయడం మరొకటి. రెండూ ఒకే ప్లాస్టిక్ స్లాబులో బిగించి వస్తాయి గనుక చాలామంది వాటిని ఒకే సేవగా చూస్తారు. విడదీసి చూడండి. మీ నాణేనికి కావాల్సింది మొదటిదా, రెండోదా, లేక ఏదీ అక్కర్లేదా అన్నదాన్ని బట్టే ఖర్చు దండగో కాదో తేలుతుంది.

ముందు అంకె సంగతి. అమెరికా పెద్ద సెంట్ల (పాతకాలపు పెద్ద రాగి నాణేల) కోసం విలియం షెల్డన్ అనే సేకర్త 1949లో 1 నుంచి 70 దాకా ఒక కొలమానం రాశాడు. 1986లో పని మొదలుపెట్టిన పీసీజీఎస్, 1987లో వచ్చిన ఎన్జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు వాడేది దాని నుంచి పుట్టినదే. అరుగుదల ఉన్నవి 58 దాకా, అరగనివి 60 నుంచి 70 దాకా. మెలిక ఏమిటంటే, 58 వచ్చిన నాణెం చాలాసార్లు 61 వచ్చినదానికంటే కంటికి ఇంపుగా ఉంటుంది. టంకశాల సంచుల్లో ఒకదానికొకటి కొట్టుకుని గాట్లు పడ్డ కొత్త నాణెం 60, 61 దగ్గర ఆగిపోతుంది. ఎత్తు భాగాల్లో లేశమాత్రం అరిగి, మిగతా మెరుపంతా నిలిచినది 58 అవుతుంది. అంకె పెద్దదైతే నాణెం అందమైనదని అర్థం కాదు.

డబ్బు లెక్క వచ్చేది 63, 64, 65 లాంటి పక్కపక్క మెట్ల దగ్గర. మచ్చుకి, గ్రేడింగ్‌కయ్యే మొత్తం ఖర్చు 100 అనుకుందాం. ఇందులో ఫీజు, రానుపోను పార్సిల్, బీమా, సరిహద్దు దాటితే సుంకం అన్నీ కలపాలి. ఫీజొక్కటే చూసి దిగేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. విడిగా అమ్మితే ఒక్కో నాణెం 300 పలుకుతుంది. 65 వస్తే 700, 64 వస్తే 380, 63 వస్తే 260, లోపం ఉందని ముద్ర పడితే 150. అలాంటి పది నాణేల్లో ఒకటికి 65, నాలుగింటికి 64, మూడింటికి 63, రెండింటికి లోపం వచ్చాయనుకోండి. మొత్తం 3,300, అంటే ఒక్కోటి 330. ఖర్చు తీసేస్తే 230. విడిగా అమ్ముకుని ఉంటే 300 వచ్చేవి. ఆ ఒక్క 65 మీద ఆశ మిగతా తొమ్మిదింటినీ ముంచింది. కాబట్టి లెక్క వేసుకునేటప్పుడు మీకు తోచిన గ్రేడుకంటే ఒక మెట్టు కింద పడుతుందనుకోండి. అప్పుడు కూడా ఖర్చు తిరిగొస్తేనే పంపండి.

అసలుదా నకిలీదా అన్న ప్రశ్నకు లెక్క వేరు. ఇక్కడ ఇంట్లోనే సగం పని అవుతుంది. 0.01 గ్రాము దాకా చూపే తూకం, వెర్నియర్ కాలిపర్, పది రెట్ల భూతద్దం, బలమైన అయస్కాంతం ఉంటే చాలు. ఉదాహరణకు అమెరికా పాత మోర్గాన్ వెండి డాలర్ 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు. అరుగుదలకు మించిన తేడా కనబడితే అనుమానించాలి. తూకం సరిపోయినా సాంద్రత చూడండి. నీళ్ల గ్లాసు తూకం మీద పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారంతో అడుగుకు తగలకుండా పూర్తిగా ముంచండి. నాణెం బరువును అప్పుడు కనిపించే అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 90 శాతం వెండికి అది దాదాపు 10.3, అంటే మోర్గాన్ డాలరుకు తూకం 2.6 గ్రాముల దగ్గర చూపాలి. 3 గ్రాములు చూపితే లోపల రాగి, నికెల్ లాంటి తేలిక లోహం ఉన్నట్టే. తీశాక మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. బంగారం దగ్గర ఈ పరీక్షను ఒక్కదాన్నే నమ్మకండి: టంగ్‌స్టన్ సాంద్రత 19.25, మేలిమి బంగారానిది 19.3.

పోతపోసిన నకిలీల్లో బుడగల గుంటలు, అంచు మీద అతుకు గీత, మొద్దుబారిన అక్షరాలు భూతద్దానికి దొరికిపోతాయి. దొరకనివి రెండు రకాలు. సరైన లోహంతో, మంచి అచ్చుతో కొట్టినవి ఒకటి. అసలు నాణేన్నే మార్చినవి రెండోది. 1944-డి లింకన్ సెంటులో (డి అంటే డెన్వర్ టంకశాల గుర్తు) మొదటి 4ను చెక్కి అరుదైన 1914-డిగా అమ్మేవాళ్లున్నారు. రూపకర్త వి.డి.బి. పొడి అక్షరాలు 1918లోనే లింకన్ భుజం కింద మళ్లీ చేరాయి కాబట్టి అవి కనబడితే అది 1914ది కాదు. మామూలు 1893 మోర్గాన్ డాలరు మీద శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తు ఎస్ అతికించి, లక్ష మాత్రమే కొట్టిన 1893-ఎస్ అని చెబుతారు. అసలుదానికి లిబర్టీ పదంలోని టి పైభాగంలో సన్నని ఏటవాలు గీత ఉంటుంది. ఇలాంటి గుర్తులు మీకు కంఠతా వస్తే సరే. రాకపోతే, అరుదైన సంవత్సరం, అరుదైన టంకశాల గుర్తు ఉన్న నాణేనికి గ్రేడు ఎంత తక్కువైనా ధ్రువీకరణ ఖర్చు దండగ కాదు. ఎందుకంటే అలాంటిదాన్ని స్లాబు లేకుండా కొనే మనిషి ధర తగ్గించే మొదలుపెడతాడు.

పంపేముందు చూడాల్సిన అతి ముఖ్యమైన విషయం శుభ్రం చేసిన జాడ. ఒకే దీపం కింద నాణేన్ని అంచులు పట్టుకుని నెమ్మదిగా వంచుతూ తిప్పండి. తాకని నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. గుడ్డతోనో పొడితోనో తోమినదాని మీద ఒకే దిక్కుకు సాగే వెంట్రుకంత గీతలు కనిపిస్తాయి. అలాంటిదానికి అంకె రాదు. "డిటైల్స్" అని, పక్కన కారణం రాసి పంపుతారు. అయినా అది అసలుదేనన్న ధ్రువీకరణ ఉంటుంది గనుక, అరుదైన నాణేనికి అది కూడా పనికొస్తుంది. మామూలు నాణేనికైతే ఫీజు నీళ్లపాలు. మెరిపిద్దామని పంపేముందు తోమడం కంటే చేజేతులా చేసుకునే నష్టం లేదు. ఒక్క మినహాయింపు: పాత ప్లాస్టిక్ కవర్ల నుంచి అంటిన జిగట ఆకుపచ్చ పీవీసీ. దాన్ని స్వచ్ఛమైన అసిటోన్‌లో నానబెట్టి, రుద్దకుండా ఆరనివ్వాలి. గోళ్ల రంగు తుడిచే ద్రవం వద్దు, అందులో ఇతర పదార్థాలు కలుస్తాయి. మంటకు దూరంగా, గాలి ఆడేచోట చేయండి.

పంపడానికి సిద్ధమైతే నాణేన్ని పీవీసీ లేని మెత్తని మైలార్ ఫ్లిప్‌లో (పారదర్శక ప్లాస్టిక్ మడత సంచిలో) పెట్టండి. పిన్ను కొట్టిన అట్ట చట్రంలో ఉంటే ముందు పిన్నులన్నీ పీకాలి, లేకపోతే తీసేటప్పుడు గీత పడుతుంది. రెండువైపులా ఫొటోలు, బరువు నమోదు చేసుకోండి. ఫారంలో రాసే విలువను బట్టే ఫీజు శ్రేణి, బీమా నిర్ణయమవుతాయి. తక్కువ రాస్తే పార్సిల్ పోయినప్పుడు వచ్చేదీ తక్కువే. చాలా దేశాల్లో పాత నాణేలను సరిహద్దు దాటించడానికి అనుమతి కావాలి, అది ముందే చూసుకోవాలి.

స్లాబు వచ్చాక కూడా కొన్ని భ్రమలు వదలాలి. అది గాలి చొరని పెట్టె కాదు. తేమ గదిలో ఉంచితే ఎర్రటి రాగి నాణెం లోపలే గోధుమరంగుకు తిరుగుతుంది. అదే నాణేన్ని మళ్లీ పంపితే ఒక మెట్టు అటూఇటూ మారొచ్చు, చూసేది మనుషులే కదా. స్లాబులకూ నకిలీలున్నాయి. కొనేటప్పుడు చీటీ మీద సంఖ్యను కంపెనీ సైటులో కొట్టి, అక్కడి ఫొటోలోని గీతలు, మచ్చలు చేతిలోని నాణెంతో సరిపోతున్నాయా చూడాలి. సంఖ్య నిజమైనదే అయినా లోపలి నాణెం వేరుగా ఉండొచ్చు.

ప్రాచీన నాణేలకు ఈ 70 అంకెల పద్ధతి అంతగా కుదరదు. ఎన్జీసీ వాటికి ముద్ర ఎంత బాగా పడిందో, ఉపరితలం ఎలా ఉందో విడివిడిగా ఐదుకు మార్కులు వేస్తుంది. ఇక లోహం విలువకే చేతులు మారే కొత్త వెండి, బంగారు బులియన్ నాణేలు, ఆల్బమ్ గూళ్లు నింపడానికి సేకరించే అరిగిన సాధారణ నాణేలు స్లాబుకెక్కితే ఆల్బమ్‌లో పట్టవు, ధరా పెరగదు. వాటికి గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్, పక్కన సిలికా జెల్ పొట్లం చాలు.