కొలంబోలో ఎవరైనా "ఈరోజు ఏనుగుల పండగ" అంటే ఆ ఆటో ఎక్కకండి

కొలంబోకి టికెట్లు బుక్ చేసుకున్నవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళని వెంట తీసుకెళ్తున్నవాళ్ళు ఇది ఒకసారి చదివి వెళ్ళండి. ఊరు బాగుంటుంది, జనం కూడా మంచివాళ్ళే, నేను దేశాన్ని తిట్టట్లేదు, కానీ గాల్ ఫేస్ గ్రౌండ్ చుట్టుపక్కల టూరిస్టుల్ని పట్టుకునే ఒక బ్యాచ్ ఉంది, వాళ్ళ గురించే ఈ పోస్ట్.

దీపావళి సెలవులకి మేము, బాబాయ్, పిన్ని కలిసి వెళ్ళాం. సముద్రం ఒడ్డున ఇస్సో వడె (రొయ్యలు అతికించిన వడ, తప్పకుండా తినండి) తింటుంటే నీట్‌గా ఇన్‌షర్ట్ చేసుకున్న ఒకాయన వచ్చి "నేను మీ హోటల్ కిచెన్‌లోనే పని చేస్తా, పొద్దున టిఫిన్ దగ్గర మిమ్మల్ని చూశా" అన్నాడు. ఏ హోటలో మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు, మన చేతే చెప్పించుకుంటాడు. ఆ తర్వాత క్రికెట్, ఆ తర్వాత ఇండియా అంటే ఎంత ఇష్టమో, చివరికి అసలు విషయం, గంగారామయ గుడిలో ఈరోజు ఏనుగుల పండగ, ఇంకో గంటలో అయిపోతుంది, మళ్ళీ సంవత్సరం దాకా ఉండదు అని. ఆయన మాట పూర్తవ్వకముందే పక్కనే ఒక త్రీవీలర్ వచ్చి ఆగింది (మన ఆటోనే, అక్కడ త్రీవీలర్ అనో టుక్‌టుక్ అనో అంటారు), మీటర్ ఉంది భయపడకండి అన్నాడు.

గాల్ ఫేస్ నుంచి ఆ గుడి నిజానికి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, బెయిరా చెరువు పక్కనే. మమ్మల్ని మాత్రం ఆటో డ్రైవర్ ఊరంతా తిప్పి తీసుకెళ్ళాడు. గుడి దగ్గర ఏనుగులూ లేవు డప్పులూ లేవు, పిన్ని "ఏవయ్యా ఏనుగులేవీ" అని తెలుగులోనే అడిగేసింది, అతను తడుముకోకుండా ఊరేగింపు అటువైపు వెళ్ళింది, ఈలోపు గవర్నమెంట్ రత్నాల షాపు చూడండి, ఈ ఒక్కరోజే టాక్స్ లేదు అన్నాడు. షాపు ముందు ఏ గవర్నమెంటు బోర్డూ కనపడలేదు.

లోపల చూడాలి అసలు డ్రామా. ఇండియా నుంచి అనగానే సేల్స్‌మ్యాన్ బాబాయ్‌ని మీ రాశి ఏంటి అని అడిగాడు! మనవాళ్ళకి నీలం అంటే శని, ఏలినాటి శని అంటే భయం, ఇదంతా వాడికి మనకంటే బాగా తెలుసు. కూల్ డ్రింక్ ఇచ్చి కూర్చోబెట్టి, టార్చ్ వేసి చూపించి, ఇండియాలో మూడింతలకి అమ్ముకోవచ్చు అని, సర్టిఫికెట్ కూడా ఇస్తాం అని. మేం వద్దంటున్నా బాబాయ్ చిన్న రాయి ఒకటి కొన్నాడు. విజయవాడ వచ్చాక టెస్ట్ చేయిస్తే జాతిరాయి కాదు, తయారుచేసిన రాయి అని తేలింది. ఆ సర్టిఫికెట్ షాపువాళ్ళు సొంతంగా ప్రింట్ కొట్టుకున్నదే. శ్రీలంక నీలాలు ప్రపంచంలోనే పేరున్నవి, రత్నపుర గనులు నిజం, అందుకే ఈ మోసం ఇంత బాగా నడుస్తుంది. కొనాలనే ఉంటే అక్కడి నేషనల్ జెమ్ అండ్ జ్యువెలరీ అథారిటీ వాళ్ళ దగ్గర రాయి టెస్ట్ చేయించుకోండి, దానికి ఒప్పుకోని షాపులో అయితే ఇంక కూర్చోనక్కర్లేదు.

బయటికొస్తే మీటర్ మీద ఆరువేల నాలుగొందలు. సరే శ్రీలంక రూపాయలే కదా, మన రూపాయికి వాళ్ళవి మూడుకి పైనే వస్తాయి కదా అని తీయబోతే "ఇండియన్ రూపీస్" అన్నాడు. ఇక్కడ చాలామంది దొరికిపోతారట, రెండు దేశాల్లోనూ రూపాయే కాబట్టి ముందు ఏ రూపాయో మాట్లాడుకోం. పిన్ని గొంతు పెంచేసరికి జనం మూగారు, వాడు శ్రీలంక డబ్బులే తీసుకుని పోయాడు, అదీ ఎక్కువే అనుకోండి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. గంగారామయలో ఏనుగుల ఊరేగింపు అబద్ధం కాదు, నవం పెరహెర అంటారు, 1979 నుంచి చేస్తున్నారు, కానీ అది ఫిబ్రవరిలో నవం పోయకి, అంటే దాదాపు మన మాఘ పౌర్ణమికి. క్యాండీలో జరిగే పెద్దది జూలై ఆగస్టుల్లో. అక్కడ పోయ అంటేనే పౌర్ణమి, ప్రతి నెలా ఆరోజు సెలవు, మందు కూడా అమ్మరు. మమ్మల్ని ఏనుగుల పండగకి తీసుకెళ్ళింది దీపావళి అమావాస్య నిన్నగాక మొన్న వెళ్ళాక! రాత్రి హోటల్ రిసెప్షన్‌లో అబ్బాయి ఈ సంగతి చెప్పి నవ్వాడు, వారానికొకరు ఇదే కథ చెప్తారంట. కాబట్టి ఎవడైనా పండగ అంటే ముందు ఫోన్‌లో తిథి చూడండి, మన క్యాలెండరే చాలు.

తిరగడానికి ఎయిర్‌పోర్ట్‌లోనే లోకల్ సిమ్ తీసుకుని పిక్‌మీ (అక్కడి క్యాబ్ యాప్) గానీ ఊబర్ గానీ పెట్టుకోండి, రేటు ముందే కనిపిస్తుంది. తర్వాత మేం అలాగే తిరిగాం, పెట్టా బజార్లో ఎర్ర మసీదు, నేషనల్ మ్యూజియం, మౌంట్ లావినియా, ఎక్కడా గొడవ లేదు. సీమ మలక మాత్రం సాయంత్రం వెళ్ళండి, బెయిరా చెరువు మీద ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా కట్టిన బౌద్ధ మందిరం, గోల లేకుండా ఉంటుంది.

క్యాండీ, పిన్నవల (ఏనుగుల అనాథాశ్రమం ఉన్న ఊరు) వైపు కారు మాట్లాడుకునేవాళ్ళకి ఇంకోటి. దారిలో డ్రైవర్ ఫ్రీ అంటూ స్పైస్ గార్డెన్‌లో ఆపుతాడు. చెట్లు చూపించి, భుజాలకి నూనె రాసి, చివర్లో మోకాళ్ళ నొప్పులకి తైలం అని చిన్న సీసాకి మీ డిన్నర్ ఖర్చంత చెప్తారు, డ్రైవర్‌కి అందులో కమిషన్. వద్దంటే మొహం మాడుస్తాడు, మాడ్చనివ్వండి. బండి మాట్లాడేటప్పుడే షాపుల దగ్గర ఆపొద్దు అని వాట్సాప్‌లో రాయించుకుంటే మంచిది. మరీ బెదిరిస్తే పోలీస్ నంబర్ 119, టూరిజం హాట్‌లైన్ 1912. మీలో ఎవరికైనా ఇదే బ్యాచ్ తగిలుంటే ఎక్కడ తగిలారో కింద రాయండి.