లేచి నడవని కథల కోసం ఒక ఓటీటీ ప్యాక్

విజయనగరంలో మా కేబుల్ ఆపరేటరు ఇంటర్నెట్‌తో కలిపి ఇచ్చే ఓటీటీ ప్యాక్‌ను మేము కొత్త సినిమాల కోసం తీసుకోలేదు. మా అక్క కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల అవయవాల కదలిక పట్టు తప్పే స్థితి) ఉంది, డిగ్రీ చదువుతున్నాడు. ఇంట్లోవాళ్లతో కూర్చుని తెలుగు సీరియళ్లు చూడనని తెగేసి చెప్పాడు. "నాలాంటివాడి వేషం కట్టినవాడు ఆఖరికి లేచి నడుస్తాడు మావయ్యా, నేను నడవను కదా" అన్నది వాడి అభ్యంతరం. అందువల్ల ఈ సమీక్షకు కొలమానం ఒక్కటే: దివ్యాంగుల పాత్రలను దివ్యాంగులే పోషించిన ధారావాహికలు ఈ ప్యాక్‌లో ఏమున్నాయి, అవి ఎలా ఉన్నాయి, వాటిని వెతికి పట్టుకోవడం ఎంత సులువు. బొమ్మ నాణ్యత సంగతి చెప్పాలంటే, గాలివాన రోజుల్లో తప్ప ఇబ్బంది లేదు.

మన సీరియళ్లలో చక్రాల కుర్చీకి గడువు ఉంటుంది. అది ప్రమాదంతో వస్తుంది, కొన్నాళ్లు కన్నీళ్లు రాబడుతుంది, పెళ్లిపీటల దగ్గరో పగవాడు కత్తి ఎత్తినప్పుడో నాయిక దిగ్గున లేచి నిలబడటంతో మూలకు చేరుతుంది. ఆ గడువులోగా కనిపించే వివరాలైనా సరిగ్గా ఉండవు. కుర్చీకి బ్రేకు వేయకుండానే ఆమెను మంచం మీదికి మారుస్తారు. ఇంట్లో ఎవరైనా అలా చేస్తే కుర్చీ వెనక్కి జారి ఇద్దరూ కింద పడతారు. కాళ్లలో చలనం లేదన్న మనిషి మాటల మధ్యలో పాదం సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి నడవని మనిషి చెప్పుల అడుగు అరగదన్న సంగతి మా వాడు చెప్పేదాకా నేనూ గమనించలేదు, ఇప్పుడు తెర మీద నాకు ముందుగా కనిపించేది అదే.

రచయితలకు జాలి ఎక్కువై ఇలా రాస్తున్నారని నేను అనుకోను. వేషం వేసిన నటి లేవగలదు కాబట్టి, రేటింగు తగ్గిన ఏదో ఒక వారంలో ఆమెను లేపకుండా ఉండటం కథ నడిపేవారికి కష్టం. నిజంగా నడవలేని నటిని తీసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఆ పాత్ర ఏం చదువుతుంది, ఎవరితో తగువు పడుతుంది, ఎవరిని ప్రేమిస్తుంది అన్నవి ఆలోచించక తప్పదు. ఈ జాడ్యం మనకే పరిమితం కాదని ప్యాక్‌లో ఉన్న అమెరికన్ ధారావాహిక 'గ్లీ' చూస్తే తెలుస్తుంది. 2009 నుంచి 2015 వరకు వచ్చిన ఆ సంగీత కథలో చక్రాల కుర్చీలో ఉండే ఆర్టీ పాత్రను నడవగలిగిన కెవిన్ మెక్‌హేల్ పోషించాడు. మొదటి సీజన్ పూర్తికాకముందే, కల అన్న సాకుతో, ఆర్టీ షాపింగ్ మాల్‌లో లేచి గంతులు వేశాడు. అదే ధారావాహికలో డౌన్ సిండ్రోమ్ ఉన్న లారెన్ పాటర్ వేసిన బెకీ పాత్ర కోచ్‌కు కుడిభుజంలా తిరుగుతూ తోటి పిల్లలపై పెత్తనం చేస్తుంది. మాకు నచ్చింది ఆ పిల్లే.

ప్యాక్ మొత్తంలో మా ఇంట్లో అందరూ కదలకుండా చూసింది 'బ్రేకింగ్ బ్యాడ్'. అది మాదకద్రవ్యాల కథే అయినా, నాయకుడి కొడుకుగా నటించిన, తనకూ సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఆర్‌.జె. మిట్ కోసం చూడవచ్చు. తొలి భాగంలోనే బట్టల దుకాణంలో తండ్రి సాయంతో కొత్త జీన్స్ తొడుక్కుంటున్న ఆ కుర్రవాణ్ణి ఎదురుగా ఉన్నవాళ్లు వెక్కిరిస్తారు. ఆ సన్నివేశం చూస్తూ మా అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత అయిదు సీజన్ల పాటు అతను అందరిలాంటి కొడుకే: అల్పాహారం దగ్గర అలుగుతాడు, తండ్రి చికిత్స కోసం వెబ్‌సైట్ పెట్టి విరాళాలు అడుగుతాడు, కారు నేర్చుకుంటూ బ్రేకుకు ఒక కాలు, యాక్సిలరేటరుకు ఇంకో కాలు వాడబోతే తండ్రి ఒక్క కాలితోనే నడపమని పట్టుబడతాడు. చేతకాక కాదు, తన శరీరానికి వీలైన పద్ధతిని ఎదుటివాడు ఒప్పుకోకపోవడం వల్ల కలిగే ఆ విసుగు మిట్ ముఖంలో ఎంత సహజంగా పలికిందో చెప్పలేను.

నిండుగా ఇదే విషయం మీద నడిచేది 'స్పీచ్‌లెస్'. 2016 నుంచి 2019 వరకు మూడు సీజన్లు, 63 భాగాలు వచ్చిన హాస్య ధారావాహిక ఇది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న మైకా ఫౌలర్ ఇందులో జేజే. తలకు అమర్చిన లేజరు కాంతితో అక్షరాలు, మాటలు ఉన్న పలక మీద ఒక్కొక్కటే చూపితే సహాయకుడు చదివి వినిపిస్తాడు. కొత్త బడిలో చక్రాల కుర్చీకి ఉన్న దారి చెత్త బుట్టలు తరలించే దారేనని తెలిసినప్పుడు తల్లి చేసే రభస చూసి నవ్వు, కోపం కలిసే వస్తాయి. దీని సృష్టికర్త స్కాట్ సిల్వెరీ సోదరుడికీ సెరిబ్రల్ పాల్సీ ఉండటం వల్లనేమో, జేజేను పుణ్యపురుషుణ్ణి చేయలేదు. తల్లి హడావుడిలో జేజే వెనక్కి జారిపోయిన భాగాలు మాత్రం కొన్ని విసిగిస్తాయి. ఆటిజం ఉన్న ముగ్గురు నటులు అటువంటి ముగ్గురు స్నేహితులుగానే నటించిన 'యాజ్ వీ సీ ఇట్' ఎనిమిది భాగాలతోనే ఆగిపోయింది. వీధి చివరి కాఫీ కొట్టు వరకు నడిచి వెళ్లడం ఒక మనిషికి ఎంత పెద్ద పనో అందులో చూడాలి.

నటన అంటేనే కానిదాన్ని అయినట్టు చూపడం కదా, ఎవరు వేస్తే ఏమని మా బావగారి వాదన. మిట్‌కు పాత్రకు ఉన్నంత తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ లేదు. ఊతకర్రలతో నడవడం, మాట మరింత ముద్దగా పలకడం ఆయన సాధన చేయవలసి వచ్చింది. మాట్లాడగలిగిన ఫౌలర్ మాటలేని జేజేగా నటించాడు. కాబట్టి నటనకు ఇక్కడ లోటేమీ లేదు, లోటు అవకాశానికే. అమెరికాలో రుడర్‌మన్ ఫౌండేషన్ 2016లో వెలువరించిన పత్రం ప్రకారం, అక్కడి ప్రధాన ధారావాహికల్లో దివ్యాంగ పాత్రల్లో 95 శాతానికి పైగా వైకల్యం లేని నటులకే దక్కాయి. దానికి బదులుగా, వైకల్యంతో పనిలేని డాక్టరు వేషమో వదిన వేషమో దివ్యాంగులకు ఇచ్చినవారు అరుదు.

మనకూ ఉదాహరణ లేకపోలేదు. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కృత్రిమ కాలుతో తిరిగి వేదికెక్కిన నర్తకి సుధాచంద్రన్, 1985లో వచ్చిన తెలుగు 'మయూరి'లో తన కథను తానే నటించింది. ఆమె తరువాత హిందీ ధారావాహికల్లో పేరుమోసిన ప్రతినాయిక అయింది. ఆ పాత్రల కథల్లో ఆమె కాలి ప్రస్తావనే రాదు. ఈ విషయంలో మా ఊరి చరిత్ర కూడా పనికొచ్చేదే. 1919లో విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెట్టడానికి ఒక అంధ బాలుడి సంగీతాభిలాషే కారణమని చెబుతారు. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన కచేరీకి వచ్చినవారెవరూ చివర్లో చూపు వస్తుందేమోనని ఎదురుచూసి ఉండరు.

ఇక సేవలోని లోపాలు. మేము వాడుతున్న యాప్‌లలో వెతుకులాట దండగ: దివ్యాంగుల గురించి అడిగితే ఆసుపత్రి కథలు, ఏడుపు సినిమాలు ముందుకు వస్తాయి, పాత్రధారికి నిజంగా ఆ వైకల్యం ఉందో లేదో ఎక్కడా రాయరు. చూపులేని వారికోసం దృశ్యాన్ని వివరించే శబ్దం తెలుగులో మాకు దొరకలేదు. వీటికంటే పెద్ద చిక్కు డబ్బింగ్. మాట ముద్దగా వచ్చే నటుణ్ణి ఏరికోరి తీసుకున్నాక, ఆ మాటను తుడిచేసి దాని స్థానంలో గడగడా మాట్లాడే గొంతు పెడితే, సగం నటుణ్ణి మార్చినట్టే. మన సీరియళ్లలోనూ నటీనటులకు వేరొకరి గొంతు అరువివ్వడం మామూలే కాబట్టి, రేపు తెలుగులో ఇలాంటి ఎంపిక జరిగినా ఈ చిక్కు తప్పదు. అందుకే మా ఇంట్లో అసలు భాషే పెట్టుకుని, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు చదువుకుంటూ చూస్తాం. అమ్మకు మాత్రం మా వాడే పక్కన కూర్చుని కథ చెబుతాడు.

దృశ్య మాధ్యమాల్లో దివ్యాంగులను ఎగతాళి చేయరాదని, అలాగని అతీత శక్తిమంతులుగానూ చూపరాదని సుప్రీంకోర్టు 2024 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. ఆ ఫలితం మన ఛానళ్లలో కనిపించేదాకా ఈ ప్యాక్ అక్కరకు వస్తుంది. అయితే ఏడాది చందా కట్టవద్దు. పైన చెప్పిన ధారావాహికలు తీసుకోబోయే ప్యాక్‌లో ఉన్నాయో లేదో ఆపరేటరు దగ్గరే టీవీలో వెతికించి చూసుకుని, ఒక నెలకు తీసుకుని, చూడవలసినవి చూసేసి ఆపేయవచ్చు.