కార్డ్ ప్రొటెక్టర్: బెట్టింగ్ దాకే దాని కాపలా

పోకర్ బల్ల మీద మన ముక్కలు డీలర్ పొరపాటున లాగేసుకోకుండా పైన పెట్టుకునే ఇత్తడి బిళ్ళ ఇది. పందెం డబ్బుకు గుర్తుగా వాడే చిప్పు కన్నా కొంచెం వెడల్పు. అరచేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. కాలిఫోర్నియా కార్డ్‌రూముల్లోనూ, లాస్ వేగాస్ వెళ్లినప్పుడు అక్కడి క్యాసినోల్లోనూ కొన్నేళ్లుగా చేతికి రెండు ముక్కలిచ్చే నో లిమిట్ హోల్డెమ్ పోకర్ ఆడుతూ దీన్ని వాడుతున్నాను. కొనమంటారా అని అడిగితే, ముందు మీరు ఏ సీటులో కూర్చుంటారో చెప్పమంటాను.

డీలర్‌కు ఎడమ పక్కన ఉండే మొదటి సీటు, కుడి పక్కన ఉండే చివరి సీటు బాగా ప్రమాదం. ఫోల్డ్ చేసినవారి, అంటే ఆ ఆట వదులుకున్నవారి, ముక్కలను డీలర్ చేత్తో ఊడ్చుకునే దారిలోనే మీ ముక్కలూ ఉంటాయి. ఒక కార్డ్‌రూములో నా పక్కన, మొదటి సీటులో, ఓ పెద్దాయన రైజ్ చేసి (పందెం పెంచి), ముక్కల మీద చెయ్యి గానీ చిప్పు గానీ పెట్టకుండా నీళ్ల సీసా మూత తిప్పుతున్నారు. డీలర్ చుట్టుపక్కల ముక్కలతో పాటు ఆయనవీ లాగి మక్‌లో, అంటే వదిలేసిన ముక్కల కుప్పలో, కలిపేసింది. ఆ కుప్పలో ఆయనవి ఏవో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. తగవులు తీర్చే ఫ్లోర్ సూపర్‌వైజర్ వచ్చి అందరినీ అడిగి తెలుసుకుని, ఆ ముక్కలు ఇక చెల్లవన్నాడు. రైజ్‌ను అప్పటికి ఎవరూ కాల్ చేయలేదు (అంత సొమ్మూ కట్టలేదు) కాబట్టి అదనంగా పెంచిన సొమ్ము వెనక్కి ఇప్పించాడు. కాల్‌కు సరిపడే మొత్తం మాత్రం పాట్‌లోనే, అంటే గెలిచినవాడికి వెళ్లే పందెం సొమ్ములోనే, ఉండిపోయింది. “తప్పు ఆవిడది కదా, నాకెందుకు శిక్ష?” అని పెద్దాయన గొడవ పెట్టుకున్నారు. ఆయన బాధలో న్యాయం ఉంది. కానీ అమెరికాలో చాలా గదులు అనుసరించే రాబర్ట్స్ రూల్స్ అనే పోకర్ నియమావళిలో ఉన్నదీ ఇదే: ముక్కలను కాపాడుకోవడం ఆటగాడి పని, వదిలేస్తే పరిహారం లేదు. 2001లో మొదలైన టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ నియమాలూ అదే మాట అంటాయి.

కాపలాకు చెయ్యి పెట్టినా, ఒక చిప్పు పెట్టినా నియమం ఒప్పుకుంటుంది. మరి డబ్బు పెట్టి బిళ్ళ ఎందుకు? చిప్పు పెట్టేవాళ్లు బెట్ వేసే తొందరలో దాన్నీ తీసి వేసేయడం చాలాసార్లు చూశాను. ఆ క్షణం నుంచి ముక్కలకు దిక్కు లేదు. బిళ్ళ డబ్బు కాదు కాబట్టి చెయ్యి దాని జోలికి పోదు. డీలర్ పక్క సీట్లవారికి ఈ ఒక్క కారణం చాలు. మధ్య సీట్లలో కూర్చునేవారు మాత్రం అనవసరంగా ఖర్చు పెట్టుకోవద్దు.

లోపాలు ఉన్నాయి. నాదాని మీద బొమ్మ ఉబ్బెత్తుగా చెక్కారు. దాని గరుకు అంచు ప్లాస్టిక్ ముక్కల మీద గీత పెడుతుందని ఒక డీలర్ అభ్యంతరం చెప్పాక, నున్నటి వైపు కిందికి వచ్చేలా పెడుతున్నాను. సైజు ఇంతకు మించకపోవడమే మేలు. ఆటలో ఉన్న ముక్కలు అందరికీ కనబడాలి, లేకపోతే మీరు ఫోల్డ్ చేశారనుకుని తర్వాతివాడు ముందే బెట్ వేస్తాడు. 2004 ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన పోటీ విజేత గ్రెగ్ రేమర్ బిళ్ళకు బదులు శిలాజాలు పెట్టుకునేవాడు, అది ఆయనకు చెల్లింది. మన తెలుగువారిలో కొందరు వెంకటేశ్వరస్వామి రూపు పెడతారు. కొండ మీద అంత రద్దీలో ఉన్న స్వామికి ఇక్కడ ముక్కల కాపలా కూడానా!

అసలు సంగతి వేరే ఉంది. ఈ బిళ్ళ పని బెట్టింగ్ ముగిసేదాకే. ముక్కలు ఎక్కువగా పోయేది చివర్లో ముక్కలు చూపించుకునే షోడౌన్‌లో, అక్కడ ఇది ఎందుకూ పనికిరాదు. అవతలివాడు “స్ట్రెయిట్” (వరసగా ఐదు ముక్కలు) అనగానే ముఖం చిన్నబుచ్చుకుని తన ముక్కలను బోర్లా విసిరేసేవాళ్లను ఎంతమందిని చూశానో! తీరా చూస్తే అక్కడ స్ట్రెయిట్ ఉండదు, ఒక ముక్క తక్కువై ఉంటుంది. రమ్మీలో తప్పు షోకు 80 పాయింట్లు పడతాయి కాబట్టి, ఎదుటివాడు షో అంటే నమ్మే అలవాటు మనలో ఉంది. పోకర్ షోడౌన్‌లో నోటితో చెప్పినదానికి విలువ లేదు, బల్ల మీద కనిపించే ముక్కలే లెక్క. కావాలని తప్పు చెబితే ఫ్లోర్ సూపర్‌వైజర్ శిక్ష వేయవచ్చు గానీ, ఆ శిక్ష మీ పాట్‌ను తెచ్చి ఇవ్వదు.

బోర్లా విసిరిన ముక్కలు మక్‌ను తాకితే అంతే సంగతులు అని బల్ల దగ్గర అందరూ ఘంటాపథంగా చెబుతారు. నియమం అంత మొండిది కాదు. అవి ఏవో స్పష్టంగా గుర్తుపట్టగలిగితే, ఫ్లోర్ తన విచక్షణతో వెనక్కి తీయించి చెల్లుతాయనవచ్చు. తప్పుడు సమాచారం నమ్మి వదిలేసినవాడి విషయంలో మరింత శ్రద్ధ పెట్టాలని రాబర్ట్స్ రూల్స్ చెబుతాయి. అయితే ఆ విచక్షణ ఒక గదిలో ఒకలా, ఇంకో గదిలో ఇంకోలా ఉంటుంది. ఒకే రకం గొడవకు రెండు చోట్ల రెండు తీర్పులు విన్నాను. నమ్మదగినది ఒక్కటే పద్ధతి: రెండు ముక్కలూ వెల్లకిలా పెట్టి, పాట్ మన ముందుకు తోసేదాకా వాటి మీద చూపు తిప్పకపోవడం. అలా అందరికీ కనిపించిన గెలుపు ముక్కలను డీలర్ పొరపాటున కలిపేసినా గెలుపు పోదు.

ఇక ఓడినవాడి ముక్కలు చూపించమని అడగడం. ఇది కుమ్మక్కును పట్టుకోవడానికి పెట్టిన హక్కు, కుతూహలం తీర్చుకోవడానికి కాదు. పాట్ గెలవనివాడు అడిగితే, పనితెలిసిన డీలర్ ఆ ముక్కలను ముందు మక్‌కు ఒకసారి తాకించి, అప్పుడు తిప్పి చూపిస్తుంది. అందులో ఏసుల జత ఉన్నా ఇక చెల్లదు. గెలిచినవాడే అడిగితే మాత్రం రాబర్ట్స్ రూల్స్ ప్రకారం ఇద్దరి ముక్కలూ పోటీలో ఉన్నట్టే, మెరుగైనవే గెలుస్తాయి. తన నోటితోనే పాట్ పోగొట్టుకున్నవాడి ముఖం చూడాలి! టోర్నమెంట్ నియమాల్లో, తన ముక్కలను బోర్లా పడేసినవాడికి అడిగే హక్కే ఉండదు. క్యాష్ ఆటలో ప్రతి పాట్‌కూ చూపించమని వేధించేవాడికి ఫ్లోర్ ఆ సౌకర్యం ఆపేయవచ్చు. అలా ఆపేసినప్పుడు బల్ల చుట్టూ ఎవరూ ఏమీ అనరు గానీ, చిప్పులు సర్దుకుంటూ అందరూ నవ్వుకుంటారు, నేనూ నవ్వుకుంటాను.