బోన్సాయ్‌కి కొమ్మ ముక్కా, గాలి అంటా: ఏది మేలు?

మామూలు కుండీ మొక్కకైతే ఇంత ఆలోచన అక్కర్లేదు, కొమ్మ కోసి మట్టిలో గుచ్చితే చాలు. చిన్న కుండీలో పొట్టి చెట్టుగా పెంచే బోన్సాయ్‌లో మాత్రం ఎవరి చూపైనా ముందు మాను మొదలు మీదే పడుతుంది. వేళ్ళు నాలుగు వైపులా పాకి మట్టిని పట్టుకున్నట్టుండాలి. జపాన్‌వాళ్ళు దాన్ని నెబారి అంటారు. కొమ్మ ముక్క నాటడమా, కొమ్మ చెట్టు మీదుండగానే వేళ్ళు రప్పించి తర్వాత కోసి నాటే గాలి అంటా, ఏది మేలో నేను దాన్నిబట్టే చూస్తాను.

పెన్సిల్ లావు ముక్కలు తేలిగ్గానే వేరు పడతాయి. కానీ చిన్న కుండీలో మాను లావెక్కాలంటే ఏళ్ళు పడుతుంది. పళ్ళెంలో చిట్టడవిలా గుంపుగా నాటుకోవడానికైతే ఇవే బాగుంటాయి.

అలాగని ఏకంగా లావు కొమ్మే నాటితే? మర్రి, రావి జాతి ఫైకస్‌లో నేనలా చేశాను. వానాకాలం దాటాక తీసి చూస్తే వేళ్ళన్నీ ఒక్క పక్కే ఉన్నాయి, రెండో పక్క బోడిగా ఉంది. ప్రాణం ఉసూరుమంది. అప్పటి నుంచి ఫైకస్‌కి గాలి అంటునే కడుతున్నాను. జూన్, జూలైలో కొమ్మ చుట్టూ, దాని లావుకు ఒకటిన్నర రెట్ల వెడల్పున బెరడు ఒలిచేస్తాను. కారిన పాలు తుడిచి, కింద జిగురుగా తగిలే పొరను చెక్క కనబడేదాకా గీకుతాను. సన్నటి పచ్చటి చార మిగిలినా బెరడు మళ్ళీ కలిసిపోతుంది, వేరు రాదు. తర్వాత తడిపి పిండిన నాచు చుట్టి, పైన పాలిథిన్ కవరు కట్టేస్తాను. కవరులోంచి తెల్లటి వేళ్ళు చుట్టూరా కనబడి, కాస్త ముదిరి గోధుమ రంగుకు తిరిగాక కింద కోసి నాటాలి. నాచు మొత్తం ఊడదీయకండి, లేత వేళ్ళు తెగుతాయి.

కాగితం పూల మొక్కకు మాత్రం నా ఓటు లావు ముక్కకే. చేతి మణికట్టంత కొమ్మ కూడా వేరు పడుతుంది, కంచె కత్తిరించినప్పుడు ఊరికే దొరుకుతుంది. ఒక్కటే జాగ్రత్త: చిగురు వేసింది కదా అని కదపొద్దు. కొమ్మలో దాచుకున్న బలంతోనే ముందు చిగురిస్తుంది, వేరు ఆ తర్వాతే. ఆ వేళ్ళు కూడా పుటుక్కున విరుగుతాయి.

దళసరి ఆకుల జేడ్ మొక్కకి ముక్కే చాలు. కోత వారం రోజులు నీడలో ఆరాక పొడి మట్టిలో పెట్టండి.

ఎడారి గులాబీ అడీనియంకి రెండూ వద్దంటాను. గింజ మొక్కకు ఊరినంత బొద్దుగా కొమ్మ మొక్కకు మొదలు ఊరదు. గింజే వేయండి.