బస, బాట, నీళ్ళు: విశాఖ పరుగు వెనక వరుస నుంచి

మారథాన్ కోసం వేరే ఊరు వెళ్ళివచ్చినవారు రాసే అనుభవాలు చాలావరకు ఉదయం ఏడున్నరకల్లా ముగిసిపోతాయి. హాఫ్ మారథాన్ దూరాన్ని, అంటే ఇరవై ఒక్క కిలోమీటర్ల పైచిలుకును, రెండు గంటల్లో దాటేసేవారికి నీళ్ళు చల్లగా అందుతాయి, రోడ్డు ఖాళీగా దొరుకుతుంది, అరటిపండ్లు గెలలు గెలలుగా కనిపిస్తాయి. అదే దూరానికి మూడు గంటలు దాటే నాలాంటివారికి కనిపించే ఊరు వేరు, అందే సేవలు వేరు. డిసెంబరులో విజయవాడ నుంచి విశాఖపట్నం వెళ్ళి అక్కడ ఒక హాఫ్ మారథాన్‌లో పాల్గొని వచ్చాను. బస ఎక్కడ బాగుంటుంది, దారి ఎలా ఉంటుంది, నిర్వాహకుల ఏర్పాట్లు ఎంతవరకు నిలిచాయి, పరుగు తర్వాత ఏమేమి చూడవచ్చు అన్నవాటిని వెనక వరుసలో పరుగెత్తే మనిషి అవసరాలనుబట్టి తూచి రాస్తున్నాను. ఏ పరుగు ఏర్పాట్లనైనా చివరి గంటలో చూసి మార్కులు వేయాలన్నది నా అభిప్రాయం.

విశాఖను ఎంచుకోవడానికి కారణం ఆ బీచ్ రోడ్డే. ఆర్.కె. బీచ్ దగ్గర బయలుదేరి రుషికొండ, మంగమారిపేటల మీదుగా భీమిలి దాకా దాదాపు ముప్పై కిలోమీటర్లు సముద్రం పక్కనే సాగే అలాంటి దారి పరుగెత్తేవారికి దొరకడం అరుదు. తూర్పు నౌకాదళం ఆధ్వర్యంలో జరిగే వైజాగ్ నేవీ మారథాన్ కూడా ఈ తీరం మీదే సాగుతుంది. అదికాక చలికాలంలో చిన్న చిన్న పరుగులు ఉంటూనే ఉంటాయి, నేను వెళ్ళినది అలాంటి వాటిలో ఒకటి. బీచ్ రోడ్డులో కొంత భాగాన్ని తెల్లవారుజామున వాహనాలకు మూసి నడిచేవారికి వదిలిపెట్టే అలవాటు ఈ ఊరికి ఉంది కనుక, యాభై దాటిన ఆడమనిషి ట్రాక్ ప్యాంటు వేసుకుని ఆయాసపడుతూ వెళ్తున్నా ఎవరూ తల తిప్పి చూడరు. మా కృష్ణా కాలువ గట్ల మీద ఆ సౌఖ్యం నాకు ఇంకా దొరకలేదు.

బస విషయంలో మొదట చూడవలసినది అద్దె కన్నా ముందు చెకౌట్ లెక్క. గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి బండిలో వస్తే తెల్లవారేసరికి విశాఖలో దిగుతాము. స్టేషను, డాబాగార్డెన్స్, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల ఉండే చవక లాడ్జీలలో చాలాచోట్ల ఇరవై నాలుగు గంటల పద్ధతి నడుస్తుంది. శనివారం ఉదయం ఆరింటికి గది తీసుకుంటే ఆదివారం ఆరింటికి ఖాళీ చేయాలి, సరిగ్గా ఆ వేళకు మనం పరుగు మధ్యలో ఉంటాము. అందువల్ల చవక అనుకున్న గదికి రెండో రోజు అద్దె కూడా కట్టక తప్పదు. మధ్యాహ్నం పన్నెండు లెక్కన నడిచే హోటళ్ళలో ఈ చిక్కు లేదు కాని, వేగంగా ముగించినవారు ఎనిమిదింటికే గదికి చేరి స్నానం, కునుకు రెండూ కానిస్తే, మనం పదిన్నరకు మెట్లెక్కి, బూట్ల ముడి విప్పడానికి వంగలేక పావుగంట మంచం అంచున కూర్చుని, సర్దుకోవడం మొదలుపెట్టేసరికి రిసెప్షన్ నుంచి ఫోను వస్తుంది. గది మాట్లాడుకునేటప్పుడే ఒకటి రెండు గంటల గడువు అడిగి ఒప్పించుకోవడం మేలు.

నేను పాండురంగాపురంలో ఒక చిన్న గెస్ట్ హౌస్‌లో దిగాను. అక్కడి నుంచి బీచ్ రోడ్డుకు నడిచి వెళ్ళవచ్చు, ఇదే దాని అసలు విలువ. పరుగు రోజున రోడ్లు మూసేస్తారు కనుక తెల్లవారుజామున నాలుగింటికి ఆటో కోసం బేరమాడే పని ఉండదు. లోపం ఏమిటంటే పోయేటప్పుడు అంతా దిగుడు, వచ్చేటప్పుడు అంతా ఎక్కుడు. పరుగు ముగిసిన కాళ్ళకు ఆ చిన్న ఎగువ కైలాసగిరి కొండ అంత కనిపించింది. సముద్రానికి ఎదురుగా ఉండే పెద్ద హోటళ్ళలో ఈ బాధ లేదు, కాకపోతే ఆ గదుల అద్దె సముద్రాన్ని చూసినందుకు కడతాము, మనం చూసేది అలారాన్ని. రుషికొండ వైపు రిసార్టులు అందమైనవే గాని బయలుదేరే చోటికి దూరం. పరుగు అయ్యాక కుటుంబంతో ఒకరోజు ఉండాలనుకుంటే అప్పుడు అక్కడికి మారవచ్చు. రుషికొండ మీదుగా భీమిలి వెళ్ళే 900కె సిటీ బస్సు ఉంది, సామాను తక్కువైతే అది చాలు.

భోజనం గురించి రెండు మాటలు చాలు. ముందు రోజు రాత్రి చేపల పులుసు వాసన ఎంత లాగినా ద్వారకా నగర్ టిఫిన్ హోటళ్ళలో ఇడ్లీతోనో పెరుగన్నంతోనో సరిపెట్టుకోవాలి. మురీ మిక్చర్ మర్నాడు సాయంత్రానికి.

పరుగు చీకటిలో మొదలైంది. డిసెంబరులో ఇక్కడ ఆరుంబావు దాటితేగాని సూర్యోదయం కాదు, కాబట్టి కాళికాలయం, మ్యూజియంగా మార్చిన కుర్సురా జలాంతర్గామి, వుడా పార్కు దాటేవరకు వీధి దీపాల వెలుగే. పెదజాలారిపేట చేరేసరికి ముందు గుంపు కనుమరుగైంది. నేను నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక పద్ధతిలో వెళ్తాను. 1972 ఒలింపిక్స్‌లో పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. అలసట వచ్చాక నడవడం కాకుండా, రాకముందే లెక్క ప్రకారం నడవడం ఇందులోని కిటుకు. ఈ పరుగులో నిర్వాహకులు పెట్టిన పేసర్లు, అంటే ఫలానా సమయానికి ముగించేలా జెండా పట్టుకుని గుంపును నడిపించేవారు, రెండున్నర గంటల జెండా వరకే ఉన్నారు. ఆ జెండా వెనక ఉన్నవారికి వేగం చెప్పే దిక్కు లేదు, నిజానికి జెండా ఎక్కువ అవసరమైనది మాకే.

ఆ లోటును తీర్చినవారు స్థానికులు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, తన పరిచయస్తులు నలుగురైదుగురితో కలిసి, మూడుంబావు గంటల లెక్కన చేతి గడియారం చూసుకుంటూ వెళ్తున్నారు. నన్ను చూసి “రండమ్మా, మా బస్సులో చోటుంది” అన్నారు. దక్షిణాఫ్రికాలో తొంభై కిలోమీటర్లకు అటూ ఇటూగా సాగే కామ్రేడ్స్ పరుగులో పన్నెండు గంటల గడువులోపు గుంపును నడిపించే పేసర్‌ను బస్సు డ్రైవరనే అంటారు, ఆ సంగతి చెబితే ఆయన ముచ్చటపడి, అప్పటి నుంచి ప్రతి నడక నిమిషానికి ముందు “స్టాపు!” అని కేక వేయడం మొదలుపెట్టారు. గుంపులో కొత్తగా వచ్చిన ఒక ఇంజనీరింగ్ అమ్మాయి తానే అందరికన్నా ఆఖరవుతానని కలత పడుతుంటే ఆయన కానకూరి షిజో కథ చెప్పారు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఎండ దెబ్బకు పడిపోయిన ఈ జపాన్ రన్నర్‌ను దారిలో ఒక ఇంటివారు చేరదీశారు. ఆయన నిర్వాహకులకు చెప్పకుండా స్వదేశం వెళ్ళిపోయి, 1967లో స్వీడన్‌వారు పిలిస్తే వచ్చి మిగిలిన దూరం పూర్తిచేశారు. నమోదైన సమయం యాభై నాలుగేళ్ళ ఎనిమిది నెలల చిల్లర. “ఆ రికార్డు నీ వల్ల కాదులే తల్లీ” అనేసరికి అమ్మాయి నవ్వింది.

దారిలో అసలు పరీక్ష తెన్నేటి పార్కు దగ్గర మొదలవుతుంది. కైలాసగిరి పాదాన్ని చుడుతూ రోడ్డు ఎక్కుతుంది, ఆ తర్వాత జోడుగుళ్ళపాలెం వైపు దిగుతుంది. వెళ్ళేటప్పుడు చల్లగా ఉంటుంది కనుక ఎక్కుడు పెద్దగా తెలియదు, దిగుడులో ఉత్సాహపడి తొడలు అలవగొట్టుకుంటే తిరిగి వచ్చేటప్పుడు అదే దిగుడు ఎక్కుడై ఎదురవుతుంది. జోడుగుళ్ళపాలెంలో చేపల గంప పక్కన కూర్చున్న ఒక ముసలామె మమ్మల్ని చూసి, “ఏటమ్మా, అందరూ ఎల్లిపోనారు, మీరే ఉండిపోనారా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా “నెమ్మదిగా ఎల్లండి, రోడ్డెక్కడికీ పోదు” అని చేయి ఊపింది. మైకులో అరిచే ప్రోత్సాహాలకన్నా ఆ మాట నాకు నచ్చింది. సాగర్‌నగర్ దాటాక, రుషికొండకు ఇవతలే మళ్ళింపు.

తిరుగు దారిలో ఏర్పాట్ల అసలు రంగు బయటపడింది. ఈ తీరం ఈశాన్యంగా సాగుతుంది కనుక వెనక్కి వచ్చేటప్పుడు డిసెంబరు ఎండ అంతా ఎడమ చెంప మీదే పడుతుంది. మర్నాడు అద్దంలో చూసుకుంటే నా ఎడమ చెవి ఒక్కటే కమిలి ఉంది. రెండు గంటల్లో ముగించేవారికి ఈ ఎండతో పరిచయమే ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ రోడ్డు మీద, కైలాసగిరి మీద చెట్లను ఊడ్చిపెట్టింది, ఇప్పటికీ నిలబడదగిన నీడ చాలాచోట్ల లేదు. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, టోపీ అంచు నుంచి చుక్కలు కారుతూనే ఉంటాయి. మాకు ప్రకటించిన కటాఫ్, అంటే ముగించవలసిన గడువు, మూడున్నర గంటలైనా, మూడు గంటలు నిండకముందే అడ్డుకంచెలు తీసేసి వాహనాలను వదిలారు. రుషికొండకు వెళ్ళే ఆదివారపు కార్ల మధ్య మేము రోడ్డు అంచున వరుసగా నడవవలసి వచ్చింది. రెండు నీళ్ళ కేంద్రాలలో ఖాళీ గ్లాసులు తప్ప ఏమీ మిగలలేదు. ఆడవారికి మరుగుదొడ్డి మొదలులోనూ మళ్ళింపు దగ్గరా తప్ప ఎక్కడా లేదు. మూడు గంటలు రోడ్డు మీద ఉండేవారికి ఇది చాలదు.

నీళ్ళ గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, ఎందుకంటే నీళ్ళు దొరకవన్న భయంతో నెమ్మదిగా వెళ్ళేవారు దొరికిన ప్రతిచోటా కడుపునిండా తాగుతారు, అలా మితిమీరితే రక్తంలోని ఉప్పు (సోడియం) పలచబడి ప్రమాదం కావచ్చు. 2002 బోస్టన్ మారథాన్ రన్నర్ల రక్తాన్ని పరీక్షించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి పదమూడుమందిలో సోడియం తక్కువగా ఉన్నట్టు తేలింది. పరుగులో బరువు పెరిగేంతగా తాగినవారిలో, నాలుగు గంటలు దాటినవారిలో ఆ ముప్పు ఎక్కువగా కనిపించింది. కనుక దాహం వేసినప్పుడే తాగడం, ఒక చిన్న సీసా, ఉప్పు వేసిన నిమ్మరసం వెంట ఉంచుకోవడం మంచిది.

అయితే లాసన్స్ బే దగ్గర ఉన్న ఆఖరి కేంద్రానికి నేను నిండు మార్కులు వేస్తాను. అక్కడి వాలంటీర్లు ఇంటర్ చదివే పిల్లలు. సరుకు బండి రాదని తెలిసి, రెండు నీళ్ళ క్యాన్లను గోనెపట్టా కప్పి బల్ల కింద దాచారు. ముందు వచ్చినవారు తలమీద పోసుకోవడానికి అడిగినా ఇవ్వలేదట. ప్లాస్టిక్ బకెట్‌లో ఓఆర్ఎస్ పొడి కలిపి, మగ్గుతో గ్లాసుల్లోకి వంచుతూ ఒక కుర్రవాడు “మీ వెనకాల ఇంకెందరున్నారు మేడమ్?” అని ప్రతి ఒక్కరినీ అడిగి చేతి మీద పెన్నుతో గీతలు పెట్టుకుంటున్నాడు. వెనక ఉన్నవారిని ఆ రోజంతా లెక్కపెట్టిన మనిషి నాకు కనిపించినంతవరకు అతనొక్కడే.

ముగింపు తోరణం దగ్గరకు చేరేసరికి అందులో గాలి తీసే పనిలో ఉన్నారు. దాటిన సమయాన్ని నమోదుచేసే టైమింగ్ మ్యాట్ మాత్రం ఇంకా తీయలేదు కాబట్టి నా చిప్ పలికింది, ఫలితాలలో పేరు వచ్చింది. అరటిపండ్లు అయిపోయాయి, ఉప్మా అడుగంటింది. హవాయి దీవుల్లోని హోనొలులు మారథాన్‌కు కాలపరిమితే లేదు, ఆఖరి మనిషి వచ్చేవరకు ముగింపు గీత తెరిచే ఉంచుతారు. అందరూ అలా చేయాలని కోరను గాని, ప్రకటించిన గడువు వరకైనా రోడ్డు, నీళ్ళు, తిండి మిగల్చడం రుసుము తీసుకున్నవారి బాధ్యత. వెనకవారు కట్టే రుసుము ముందువారి రుసుముతో సమానమే కదా. పెద్దాయన బృందంలో ముందే ముగించినవారు మాత్రం కొబ్బరి బొండాలు కొట్టించి పెట్టి, గంటకు పైగా మా కోసం గట్టు మీద కూర్చుని ఉన్నారు. విశాఖకు పరుగు కోసం వెళ్ళేవారు ముందుగానే ఒక స్థానిక బృందంతో మాట్లాడుకుంటే మంచిదని ఆ బొండాం తాగుతూ అనుకున్నాను. ఆ సహాయం ఏ రుసుములోనూ రాదు.

చూడవలసినవాటి విషయానికి వస్తే, వాటిని మెట్లనుబట్టి ఎంచుకోవాలి. కుర్సురాలో ఒక గది నుంచి మరో గదికి ఇరుకు ద్వారాల గడపలు దాటుకుంటూ వంగి వెళ్ళాలి కనుక దాన్ని ముందురోజే చూసేయాలి. బొర్రా గుహలు, సింహాచలం మెట్లదారి పరుగు మర్నాటికి పనికిరావు. తొడల నొప్పి రెండో రోజునే ముదురుతుంది. సింహాచలానికి కొండపైదాకా బస్సు ఉంది, కైలాసగిరికి రోప్‌వే ఉంది, తొట్లకొండ బౌద్ధ శిథిలాల దాకా వాహనం వెళ్తుంది. అరకు రైలు ఉదయాన్నే కనుక పరుగు రోజున కుదరదు. సోమవారం వెళ్ళి, గుహలు మానుకుని, కిటికీ పక్కన కూర్చుని రావచ్చు.

తిరుగు టికెట్ ఆదివారం మధ్యాహ్నానికి కాక రాత్రికి తీసుకోవాలి, మధ్య బెర్తు గాని పై బెర్తు గాని వస్తే టికెట్ రద్దు చేసుకుని మరో బండి చూసుకోవాలి. నాకు దిగువ బెర్తే వచ్చింది; తుని దాకా కూర్చుని వచ్చిన పై బెర్తు ఆయన కూడా పొద్దున పరుగెత్తినవారే, ఆయన్ను పైకెక్కించడానికి టీసీ సాయం పట్టవలసి వచ్చింది.